టీకా వేసిన పందులు చనిపోయాయి. వైరస్ మారిపోయిందంటున్నారు, నిజమేనా?

యాచారం షెడ్డు:

అందరికీ నమస్కారం. సాగర్ రోడ్డు మీద యాచారం దగ్గర నాకు పందుల షెడ్డు ఉంది. మాది ఎరుకల కుటుంబం. తాత నాటు పందులను ఊరి చివర తిప్పి మేపేవాడు. నేను బీకామ్ చదివి, మలక్‌పేటలో ఒక దుకాణంలో రెండేళ్లు లెక్కలు రాసి, 2019లో షెడ్డు కట్టుకున్నాను. అన్నీ యార్క్‌షైర్ సంకర పందులే. రాత్రి పదకొండింటికి ట్రాలీ ఆటో వేసుకొని అమీర్‌పేట హాస్టళ్లకు వెళ్తాను. మిగిలిపోయిన అన్నం, కూరలు డ్రమ్ముల్లో నింపుకొని తెల్లవారుజామున మూడింటికి ఇల్లు చేరతాను. తవుడు, మొక్కజొన్న కొని మేపితే మాలాంటి వాళ్లకు ఏమీ మిగలదు.

ఏప్రిల్ 28న షెడ్డులోని 48 పందులకూ స్వైన్ ఫీవర్ టీకా వేయించాను. మే 6న ఒకటి మేత మానేసింది. మర్నాటికి నాలుగు మానేశాయి. జ్వరం 106 డిగ్రీలు. ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుకునేవి. ముందు మలబద్ధకం, తర్వాత పలుచని విరేచనాలు. వెనక కాళ్లు తడబడేవి. చెవులు, పొట్ట కింద చర్మం నేరేడు పండు రంగుకు తిరిగాయి. నిన్నటికి 19 పోయాయి. చాలావరకు ఎనభై కిలోలకు వచ్చినవే. గుంట తవ్వి, సున్నం వేసి పూడ్చాం. గుంట తవ్వడానికి వచ్చిన మా బావమరిది మూడో రోజు నుంచి రావడం మానేశాడు. చూడలేకపోతున్నానన్నాడు.

డాక్టరు గారు ఒక పందిని కోసి చూశారు. మూత్రపిండాల మీద ఆవగింజలు చల్లినట్టు ఎర్రచుక్కలు ఉన్నాయి. ప్లీహం, టాన్సిల్ ముక్కలు ప్రయోగశాలకు పంపారు. నివేదికలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ లేదని, క్లాసికల్ స్వైన్ ఫీవర్ వైరస్ ఉందని, జీనోటైపు, అంటే వైరస్ శాఖ, 2.2 అని వచ్చింది. ఆ కాగితం చూపిస్తే టీకాలు అమ్మే చోట ఒకాయన, "టీకా 1.1 రకంతో చేస్తారు, నీ దగ్గరికి వచ్చింది 2.2. వైరస్ మారిపోయింది, ఇక టీకాకు లొంగదు" అన్నాడు. ఇంకొకాయన అసలు టీకా వల్లే జబ్బు వచ్చి ఉంటుందన్నాడు.

ఎవరి మాట నమ్మాలి? మిగిలిన 29 పందులకు మళ్లీ టీకా వేయించాలా? నా భార్య ఉన్నవన్నీ అమ్మేసి ఈ పని మానేద్దామంటోంది. ఒక చిత్రం కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో ఒక చూడి పందిని కొన్నాను. దాని పిల్లలు తొమ్మిది, ఇంకా చిన్నవని వాటికి టీకా వేయలేదు. వాటిలో ఒక్కటి కూడా చావలేదు. రెండు మాత్రం గిడసబారి పిల్లి కూనల్లా ఉన్నాయి. టీకా వేసినవి పోయి, వేయనివి బతకడం చూస్తే నాకు టీకా మీదే అనుమానం వస్తోంది.

చేవెళ్ల రైతు:

తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. మూడేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. టీకా వేసిన పది రోజులకు పన్నెండు పందులు పోయాయి. వైరస్ ఏటా వేషం మారుస్తుందని, పాత టీకా దానికి తెలియదని నాకూ అప్పుడు చెప్పారు. ఆ తర్వాత నేను టీకా వేయించడం మానేశాను. షెడ్డు చుట్టూ కంచె కట్టి, బయటివారిని రానివ్వకుండా చూసుకుంటున్నాను. ఇప్పటివరకు దేవుడి దయ. డబ్బు దండగ చేసుకోకు.

నాగోలు:

ఇది స్వైన్ ఫ్లూయేనా? మనుషులకు అంటుకుంటుందా? మా వీధి చివర ఆదివారం పంది మాంసం అమ్ముతారు. అందుకే అడుగుతున్నాను.

తార్నాక, విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగిని:

నాగోలు వారికి ముందు ఒక్క మాట. స్వైన్ ఫ్లూ వేరు, స్వైన్ ఫీవర్ వేరు. 2009లో మనుషులను పట్టుకున్నది ఇన్‌ఫ్లుయెంజా వైరస్. ఇది పెస్టివైరస్ జాతిది, పందులకు, అడవి పందులకు తప్ప మనిషికి సోకదు.

యాచారం బాబూ, పశువ్యాధుల ప్రయోగశాలలో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ నివేదికలాంటి కాగితాలు వందల్లో రాశాను. అందుకే ఆ 2.2 అన్న అంకెను మీకు ఇలా చదివి చెప్పారంటే మనసుకు కష్టంగా ఉంది. అదే అంకెను సరిగ్గా చదివితే మీ రెండు ప్రశ్నల్లో ఒకదానికి అక్కడే జవాబు ఉంది. టీకాలో ఉన్న వైరస్ 1.1 శాఖది. చనిపోయిన పందిలో దొరికింది 2.2. టీకా వల్లే జబ్బు వస్తే 1.1 దొరకాలి. కాబట్టి టీకా మీ పందులను చంపలేదు. నిందపడ్డ టీకా నిర్దోషి అని ఆ కాగితమే సాక్ష్యం చెబుతోంది.

ఇక వైరస్ మారిపోయిందన్న మాట. మా నాన్నగారు తెలుగు పండితులు. నా చిన్నప్పుడు ఒకే కావ్యానికి నాలుగైదు తాళపత్ర ప్రతులు ముందు పెట్టుకొని గంటల తరబడి పోల్చేవారు. ప్రతి లేఖకుడూ ఎక్కడో ఒక అక్షరం తప్పు రాస్తాడు. ఆ ప్రతిని చూసి రాసేవాడు ఆ తప్పునూ దించుతాడు, తనదొకటి కలుపుతాడు. రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే తప్పు కనిపిస్తే అవి రెండూ ఒకే తల్లి ప్రతి నుంచి వచ్చినవని నాన్నగారు గీత గీసేవారు. నేను ప్రయోగశాలలో చేరాక చేసిన పని కూడా సరిగ్గా అదే. ఈ వైరస్ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. దానిలో సుమారు 12,300 అక్షరాలు ఉంటాయి. నకలు తీసే ఎంజైముకు తప్పు దిద్దుకునే శక్తి లేదు. తప్పులు పడుతూనే ఉంటాయి. చాలా తప్పులు వైరస్‌నే కుంటిదాన్ని చేస్తాయి, అవి అక్కడితో అంతరిస్తాయి. హాని చేయని తప్పులు మాత్రం తరతరాలకూ మిగులుతాయి. వాటిని పోల్చి వంశవృక్షం గీస్తాం.

సాధారణంగా వాడే వర్గీకరణలో ఈ వృక్షానికి 1, 2, 3 అని మూడు పెద్ద కొమ్మలు, వాటికి 1.1, 2.1, 2.2, 3.4 వంటి రెమ్మలు ఉన్నాయి. మన దేశంలో చాలాకాలం 1.1 ఎక్కువగా దొరికేది. గత రెండు దశాబ్దాల్లో 2.2, 2.1 కూడా వేర్వేరు రాష్ట్రాల్లో కనిపిస్తున్నాయి. కానీ 1.1 మారి 2.2 కాలేదు. ఆ కొమ్మలు ఎప్పుడో విడిపోయాయి. మీ షెడ్డులో టీకాను చూసి వైరస్ రాత్రికి రాత్రి రూపం మార్చుకోలేదు. 2.2గానే బయటి నుంచి వచ్చింది.

కొమ్మ వేరైతే టీకా పనిచేయదా? పనిచేస్తుంది. కొమ్మలు ఎన్ని ఉన్నా, పంది రోగనిరోధక శక్తి దృష్టిలో ఇవి చాలావరకు ఒకే శత్రువు. జపాన్ సంగతి చూడండి. 1992 తర్వాత అక్కడ ఈ జబ్బు లేదు. 2018 సెప్టెంబరులో గిఫు ప్రాంతంలో మళ్లీ వచ్చింది. జన్యుక్రమం చదివితే 2.1 అని తేలింది, చైనా, ఆ చుట్టుపక్కల దేశాల వైరస్‌లకు దగ్గరిది. 2019 అక్టోబరులో వాళ్లు పెంపుడు పందులకు మళ్లీ టీకా మొదలుపెట్టారు. ఏ టీకా? దశాబ్దాల కిందటి 1.1 శాఖ వైరస్ నుంచి తయారుచేసుకున్నదే. చైనాలో 1950ల నాటి, కుందేళ్లలో పెంచి చేసిన టీకా కూడా 1.1 శాఖదే, అక్కడి షెడ్లలో తిరిగే వైరస్‌లు ఎక్కువగా 2వ కొమ్మవి. ఏటా వేషం మార్చేది ఫ్లూ వైరస్. ఆ మాట తెచ్చి దీనికి అంటగట్టారు.

చేవెళ్ల అన్నగారూ, మీరు టీకా మానేశానన్నారు. కంచె కట్టుకోవడం చాలా మంచి పని. కానీ టీకా వద్దనుకోవడానికి మీకు చెప్పిన కారణం తప్పు. దయచేసి మళ్లీ ఆలోచించండి. ఈ ఒక్క తప్పుడు మాట వల్ల టీకా మానేసిన షెడ్లను నేను ఉద్యోగంలో ఉండగా చాలా చూశాను. తర్వాత వాటి నమూనాలు నా బల్ల మీదికే వచ్చేవి.

మరి టీకా వేసినా ఎందుకు పోయాయి? మీరు చిత్రం అన్నది నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తోంది. చూడి పందిని ఏ తేదీన కొన్నారు? ఎప్పుడు ఈనింది? బతికిన తొమ్మిదీ కాక చచ్చి పుట్టినవి ఉన్నాయా? పిల్లలను పెద్ద షెడ్డులోకి ఎప్పుడు కలిపారు? టీకా సీసాలు ఎలా తెచ్చారు, కలిపిన మందు ఎంతసేపు వాడారు? ఇవి చెప్పేవరకు ఒక్క పందిని కూడా అమ్మకండి. ఆ రెండు గిడస పిల్లలను ఇప్పుడే, ఈ రాత్రికే వేరు చేయండి.

రాజేంద్రనగర్ పరిశోధక విద్యార్థి:

అమ్మా, మీరు చెప్పినదానికి చిన్న చేర్పు. 1.1 టీకా వేసిన పందుల సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) 2వ కొమ్మ వైరస్‌లను కొంత తక్కువ స్థాయిలో అడ్డుకున్నట్టు ప్రయోగశాల పరీక్షల్లో కనిపించింది. కాబట్టి కొమ్మ తేడాకు అర్థమే లేదని అనలేం. ముఖ్యంగా ఈ2 అనే పైపొర ప్రొటీన్‌లో మార్పులు వస్తున్నాయా అని గమనిస్తూ ఉండాలి. యాంటీబాడీలు, అంటే వైరస్‌ను అడ్డుకోవడానికి ఒంట్లో తయారయ్యే రక్షణ ప్రొటీన్లు, ప్రధానంగా పట్టుకునేది దాన్నే. అరకొరగా టీకా వేసిన మందల్లో వైరస్ ఏళ్ల తరబడి తిరిగితే, తప్పించుకునే మార్పులకు అది చోటిచ్చినట్టే.

ఇంకొకటి. జీనోటైపు తేల్చడానికి చాలా చోట్ల ఈ2 జన్యువులో 190 అక్షరాల ముక్కనే చదువుతారు. కొమ్మ పేరు చెప్పడానికి అది చాలు. ఈ షెడ్డు నుంచి ఆ షెడ్డుకు వచ్చిందా అని తేల్చాలంటే మొత్తం ఈ2, అంటే 1,119 అక్షరాలు చదవాలి. యాచారం వారి నమూనా మిగిలి ఉంటే అది చేయించడం మంచిది.

తార్నాక, విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగిని:

మీరు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. సీరం పరీక్షలో తేడా ఉంది. అయితే ప్రాణమున్న, అంటే బలహీనపరిచిన వైరస్‌తోనే చేసిన, టీకా ఇచ్చే రక్షణ యాంటీబాడీలతోనే ఆగదు. కణాల ద్వారా వచ్చే రక్షణ కూడా ఉంది. సరిగ్గా వేసిన టీకా తర్వాత 2వ కొమ్మ వైరస్‌ను ఎక్కించి చూసిన ప్రయోగాల్లో పందులు నిలబడ్డాయి. అరకొర టీకా గురించి మీరన్నది మాత్రం అందరూ రెండుసార్లు చదవాలి. టీకా మానేయడం కన్నా సగం మందకు వేసి సగం వదలడం ఏ విధంగానూ మేలు కాదు.

పొడవైన క్రమం ఎంత పనికొస్తుందో 1997లో తెలిసింది. నెదర్లాండ్స్‌లో 429 ఫారాలకు ఈ జబ్బు పాకింది. కోటి దాటిన పందులను చంపాల్సి వచ్చింది. జన్యుక్రమాలు పోలిస్తే ఆ వైరస్ 2.1 శాఖది, జర్మనీలోని పాడర్‌బోర్న్ దగ్గర దొరికిన దానితో సరిపోయింది. పందులను దించి తిరిగొచ్చిన లారీ ద్వారా వచ్చి ఉంటుందన్న నిర్ణయానికి వచ్చారు. జీనోటైపు అసలు పని ఇదే. ఎక్కడి నుంచి వచ్చిందో అడగడానికి అది దారి చూపిస్తుంది.

యాచారం షెడ్డు:

అమ్మా, రాత్రే ఆ రెండింటినీ బావి దగ్గరి పాత పాకలోకి మార్చాను. మీరు అడిగినవన్నీ నా లెక్కల పుస్తకంలో ఉన్నాయి.

చూడి పందిని ఫిబ్రవరి 16న సంతలో కొన్నాను. బాగా బలిసి, ఆరోగ్యంగా ఉంది. మార్చి 14న ఈనింది. తొమ్మిది బతికాయి. మూడు నల్లగా, ఎండిపోయి, అరచేతి అంత పుట్టాయి. మా అమ్మ దిష్టి అంది. నేను పట్టించుకోలేదు. పిల్లలను ఏప్రిల్ 26న తల్లి నుంచి విడదీసి పెద్ద షెడ్డులో ఒక మూల గదిలో వదిలాను. మధ్యలో కడ్డీలే ఉన్నాయి, గోడ లేదు.

టీకా సీసాలు ఇబ్రహీంపట్నం నుంచి బండి మీద తెచ్చాను. థర్మాకోల్ డబ్బాలో ఐసు పెట్టారు, ఇంటికి వచ్చేసరికి నీళ్లయింది. ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది. పొద్దున ఏడింటికి మందు కలిపితే, 48 పందులను ఒక్కొక్కటే పట్టుకొని వేసేసరికి పదకొండున్నర అయింది. ఎండ మండిపోతోంది. అన్ని సీసాలూ ఒకేసారి కలిపేశాం.

రాస్తుంటేనే నాకు అర్థమవుతోంది.

తార్నాక, విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగిని:

ఇంత శ్రద్ధగా తేదీలు రాసుకున్నందుకు మీకు నమస్కారం. ఇప్పుడు నాతో లెక్క కట్టండి. పంది చూడి కాలం 114 రోజులు, మీ వాళ్ల లెక్కలో మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. మార్చి 14 నుంచి వెనక్కి వెళ్తే చూడి కట్టింది నవంబరు 20 ప్రాంతంలో. చూడి యాభై నుంచి డెబ్భై రోజుల మధ్య ఉన్నప్పుడు ఈ వైరస్ సోకితే తల్లికి పైకి ఏమీ కనిపించకపోవచ్చు. కడుపులో కొన్ని పిండాలు ఎండిపోతాయి. కొన్ని వైరస్‌తోనే పుడతాయి. ఆ యాభై, డెబ్భై రోజుల మధ్య కాలం మీ పందికి జనవరి 9 నుంచి 29 వరకు. అంటే సంక్రాంతి రోజులు. అప్పటికి అది మీ దగ్గర లేదు.

అలా వైరస్‌తో పుట్టిన పిల్లకు అది పరాయిదని తెలియదు. ఒంట్లో దాని మీద పోరు ఉండదు. అందుకే వెంటనే చావదు, గిడసబారి నెలల తరబడి బతుకుతుంది. బతికినన్నాళ్లూ లాలాజలంలో, పేడలో, మూత్రంలో వైరస్ పోస్తూనే ఉంటుంది. దానికి టీకా వేసినా ప్రయోజనం లేదు. మిగతా ఏడు పిల్లలకు తల్లి జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు ఉన్నాయి. అందుకే అవి ఇప్పటివరకు నిలబడ్డాయి. ఆ రక్షణ రెండు నెలలు దాటితే పలుచబడుతూ పోతుంది. వాటి విషయం ఆలస్యం చేయకండి.

ఏప్రిల్ 26న పిల్లలు పెద్ద షెడ్డులోకి వచ్చాయి. 28న మీరు టీకా వేశారు. టీకా మంచి స్థితిలో ఉన్నా రక్షణ రావడానికి కొన్ని రోజులు పడుతుంది. మీ పందుల్లో కొన్నింటికి అప్పటికే వైరస్ అంటి ఉంటుంది. పైగా ఆ టీకా ప్రాణమున్న వైరస్. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, కలిపిన రెండు గంటల్లోపు వాడేయాలి. ఏ సీసాకు ఆ సీసా కలుపుకోవాలి. పదకొండింటికి సూది పడ్డ పందులకు వెళ్లింది చాలావరకు నీళ్లే అయి ఉంటుంది. మీకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, అందుకు నాకు కోపంగా ఉంది. కుందేళ్లలో పెంచి చేసే టీకా ఒక్కో కుందేలు ప్లీహం నుంచి యాభై డోసులే వచ్చేది. బరేలీ దగ్గర ఇజత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ కుందేళ్లు అక్కరలేకుండా కణాల్లో పెంచే టీకాను ఎంతో కష్టపడి తెచ్చింది. అంత శ్రమతో తయారైన మందు చివరి యాభై కిలోమీటర్లలో కరిగిన ఐసులో చచ్చిపోతోంది.

డాక్టరు గారిని పిలిచి ఆ రెండు గిడస పిల్లల రక్తం పీసీఆర్ పరీక్షకు (వైరస్ జన్యుపదార్థం ఉందో లేదో చూసేది), తల్లి పంది రక్తం యాంటీబాడీల పరీక్షకు పంపించండి. నేను చెప్పిందే నిజమైతే పిల్లల్లో వైరస్ ఉంటుంది, వాటి సొంత యాంటీబాడీలు ఉండవు. తల్లిలో యాంటీబాడీలు నిండుగా ఉంటాయి. పిల్లల్లో దొరికిన వైరస్, చనిపోయిన పందుల వైరస్ ఒకటేనా అన్నది రాజేంద్రనగర్ అబ్బాయి చెప్పిన 1,119 అక్షరాల పరీక్షలో తేలుతుంది. మిగిలిన 29కి టీకా సంగతి ఆ ఫలితం చూసి డాక్టరు గారు చెబుతారు. షెడ్డులో కొత్తగా పంది రాకూడదు, ఒక్కటి కూడా బయటికి పోకూడదు. అమ్మితే మీకు సంతలో జరిగిందే ఇంకొక ఇంట్లో జరుగుతుంది. మీ భార్యకు ఈ మాట నా తరఫున చెప్పండి. ఇంకొకటి, హాస్టళ్ల కూరల్లో పంది మాంసం ముక్క ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఆ డ్రమ్ములను 90 డిగ్రీల వేడి మీద గంటసేపు కలుపుతూ ఉడికించి పెట్టండి.

చేవెళ్ల రైతు:

అమ్మా, నేను కూడా అప్పుడు సీసాలను లుంగీ మూటలో కట్టి తెచ్చాను. మీరు చెప్పేదాకా అది తప్పని తెలియదు. తమ్ముడూ, నా దగ్గర టీకాలు తెచ్చే నీలం డబ్బా ఉంది, ఐసు పలకలతో సహా. మా అల్లుడు గొర్రెల టీకాల కోసం కొన్నాడు. ఎల్‌బీనగర్ దాకా వస్తే ఇస్తాను.

యాచారం షెడ్డు:

అన్నా, తప్పకుండా వస్తాను. డాక్టరు గారు రేపు ఉదయం ఆరింటికి వస్తున్నారు. మూడు రక్త నమూనాలు తీస్తారు. పాత నమూనా ఇంకా ఉందని ప్రయోగశాల వాళ్లు చెప్పారట. నా భార్య మీ సమాధానం అంతా చదివింది. సంతలో ఆ చూడి పందిని మాకు అమ్మిన ఆయన ఫోను నంబరు తన దగ్గర ఉందని ఇప్పుడు వెతుకుతోంది. సంక్రాంతికి వాళ్ల మందలో ఏం జరిగిందో అడగాలి. వాళ్ల ఇంట్లో ఇంకా అలాంటి గిడస పిల్లలు ఉంటే వాళ్లకూ తెలియాలి కదా.